వైవా నుంచి ఇంటర్వ్యూ దాకా: క్లాసులోని న్యూరోడైవర్జెంట్ పిల్లల కోసం లెక్చరర్లుగా మనం ఏం చేయాలి, ఎలా చేయాలి

థర్డ్ ఇయర్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ జరుగుతోంది. కుర్రాడు ప్రోగ్రాం రాశాడు, రన్ చేశాడు, అవుట్‌పుట్ కూడా వచ్చింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సార్ వెనక నిలబడి "ఇది ఏ సార్టింగ్, టైమ్ కాంప్లెక్సిటీ ఎంత, వేరే పద్ధతి ఎందుకు వాడలేదు, చెప్పు చెప్పు" అన్నారు. ఆ అబ్బాయి కీబోర్డు వైపే చూస్తూ, బొటనవేలితో స్పేస్ బార్ అంచుని రుద్దుతూ ఉండిపోయాడు. "అడుగుతుంటే ఆ నేల చూపులేంటి, అసలు నువ్వే రాశావా?" అని ఇంకో ప్రశ్న వచ్చి పడింది. మార్కులు సగానికి పడిపోయాయి.

సాయంత్రం మెట్ల దగ్గర కనిపిస్తే "ఏమైంది నాన్నా" అని అడిగాను. "మేడం, ఆయన మూడు ఒకేసారి అడిగారు. ఏది ముందు చెప్పాలో తెలియలేదు. అది ఆలోచిస్తుంటే నాలుగోది అడిగారు" అన్నాడు. అవే ప్రశ్నలు నేను ఒక్కొక్కటిగా అడిగాను. మూడింటికీ చెప్పాడు. మూడోదానికైతే నేను క్లాసులో చెప్పినదానికన్నా శుభ్రంగా చెప్పాడు.

ఆ గదిలో ఇంటర్నల్ ఎగ్జామినర్‌ని నేనే. "సార్, ఒక్కో ప్రశ్న అడుగుదాం" అని ఒక్క మాట అనలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. 14 ఏళ్లుగా ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఈ మధ్య ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ కూడా చూస్తున్న నాకు అర్థమైంది ఏమిటంటే, ఇలాంటి పిల్లలకు మనం చేయాల్సిన పనిలో ఎక్కువ భాగానికి డబ్బు అక్కర్లేదు, పెద్ద సర్క్యులర్లూ అక్కర్లేదు. చెప్పకుండానే అర్థమైపోవాలి అని మనం వదిలేసే సంగతులు రోజుకు వంద ఉంటాయి, వాటిని నోటితో చెప్పడం, కాగితం మీద పెట్టడం, అంతే. కింద రాసినవన్నీ ఆ ఒక్క పనినే క్లాసులో, పరీక్షలో, ఇంటర్వ్యూలో ఎలా చేయాలో చెప్పేవే.

1. ముందు గుర్తుపట్టండి, కానీ పేరు పెట్టకండి

న్యూరోడైవర్జెంట్ అంటే మెదడు సమాచారాన్ని తీసుకునే తీరు, ధ్యాస నిలిపే తీరు, చదివే రాసే తీరు ఎక్కువమందికన్నా వేరుగా ఉన్నవాళ్లు. ఎదుటివాళ్లతో కలిసే, మాట్లాడే తీరు వేరుగా ఉండే ఆటిజం, ధ్యాస నిలపడం, కుదురుగా ఉండడం కష్టమయ్యే ఏడీహెచ్‌డీ, చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా, రాయడం కష్టమయ్యే డిస్‌గ్రాఫియా, అంకెలు కష్టమయ్యే డిస్‌కాల్క్యులియా, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. ఇవి చిన్నప్పటి నుంచీ ఉండేవి, పెద్దయితే వాటంతట అవే పోతాయని అనుకోవడం తప్పు. ఏడీహెచ్‌డీలో మందులు చాలామందికి బాగా సాయం చేస్తాయి, అది డాక్టర్ చూసుకోవాల్సిన సంగతి.

"ఇన్నేళ్లూ బాగానే చదివాడు కదా, ఇప్పుడేంటి కొత్తగా" అని స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మన దగ్గర దీనికి ఒక కారణం ఉంది. స్కూల్లో అమ్మ పక్కన కూర్చుని చదివించింది. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీ తెల్లవారుజామున లేపి, రాత్రి పది దాకా స్టడీ అవర్ పెట్టి, ఏ పేజీ ఎప్పుడు చదవాలో కూడా వాళ్లే చెప్పారు. బీటెక్‌కి వచ్చాక ఆ తాళ్లన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. టైమ్ తనే చూసుకోవాలి, ఏది ముఖ్యమో తనే తేల్చుకోవాలి, హాస్టల్లో ముగ్గురితో గది పంచుకోవాలి. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లకి మొదటి సెమిస్టర్‌లోనే మూడు బ్యాక్‌లాగ్‌లు వస్తే అది పొగరు, ఫోన్ పిచ్చి అని తేల్చేసే ముందు దీని గురించి ఒకసారి ఆలోచించండి.

క్లాసులో ఇది ఎలా కనబడుతుందంటే, నోటితో అడిగితే అద్భుతంగా చెప్పే పిల్లవాడు మిడ్ పరీక్షలో రెండు పేజీలు కూడా రాయడు. చెప్పిన మాటని అక్షరాలా తీసుకుంటాడు, "ఒక్క నిమిషం ఆగు" అంటే ఐదు నిమిషాల తర్వాత కూడా తలుపు దగ్గరే నిలబడి ఉంటాడు. అసైన్‌మెంట్ పూర్తిచేసి కూడా ఇవ్వడం మర్చిపోతాడు. టైమ్‌టేబుల్ చెప్పకుండా మారిస్తే ఆ రోజంతా చెదిరిపోతాడు. ఆడపిల్లల్లో ఇది ఇంకా కనబడదు, వాళ్లు పక్కవాళ్లని చూసి అనుకరిస్తూ నెట్టుకొస్తారు, మనం "సైలెంట్‌గా ఉంటుంది, మంచి పిల్ల" అని వదిలేస్తాం, ఆ అమ్మాయి హాస్టల్‌కి వెళ్లి దుప్పటి కప్పుకుని సాయంత్రం దాకా లేవదు.

డిస్లెక్సియా విషయంలో ఒక జాగ్రత్త. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీష్ పుస్తకం మెల్లగా చదివితే అది మీడియం సమస్య అయి ఉండొచ్చు. అందుకే నేను తెలుగు పేపర్ కూడా ఒకసారి చదివి చూపించమంటాను, అదీ నా గదిలో, ఎవరూ లేనప్పుడు. తెలుగులో గడగడా చదివితే కావాల్సింది ఇంగ్లీష్ సాధన. తెలుగులోనూ ఒత్తుల దగ్గర, పొడుగు మాటల దగ్గర ఆగి ఆగి కూడబలుక్కుంటుంటే, రాసినప్పుడు గుణింతాలు తారుమారవుతుంటే అప్పుడు నిపుణుల దగ్గరికి పంపే ఆలోచన చేయాలి. ఇది పరీక్ష కాదు, మనకొక సూచన మాత్రమే.

మనం డాక్టర్లం కాదు. "వీడికి ఆటిజం ఉన్నట్టుంది" అని స్టాఫ్ రూమ్‌లో అన్న మాట సాయంత్రానికి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. కాబట్టి పేరు పెట్టొద్దు, కనబడిన ఇబ్బంది గురించే మాట్లాడండి.

2. పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడండి

అందరి ముందు "క్లాస్ అయ్యాక నన్ను కలువు" అనకండి, ఆ పిల్లవాడు మిగతా గంటంతా టెన్షన్‌తో ఒక్క ముక్క వినడు. మెసేజ్ పెట్టండి, అందులోనే విషయం రాయండి: "రేపు 3 గంటలకు నా రూమ్‌కి రా. మిడ్ పేపర్ గురించి పది నిమిషాలు మాట్లాడదాం. తప్పేం చేయలేదు, తిట్టడానికి కాదు." ఆ చివరి మాట తప్పకుండా రాయండి.

కూర్చున్నాక "నీ ప్రాబ్లం ఏంటి" అని అడిగితే జవాబు రాదు. చిన్న ప్రశ్నలు అడగండి. బోర్డు మీద రాసింది దించుకుంటూ నేను చెప్పేది కూడా వినగలుగుతున్నావా? మిడ్‌లో టైమ్ చాలలేదా, ప్రశ్న అర్థం కాలేదా, తెలిసీ రాయలేకపోయావా? క్లాసులో ఏ చప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడుతోంది? ఏ సబ్జెక్ట్‌లో ఇబ్బంది లేదు, అక్కడ సార్ ఏం వేరుగా చేస్తున్నారు? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చినంత మంచి జవాబులు నాకు ఇంక దేనికీ రాలేదు. కళ్లలోకి చూడమని అడగొద్దు, చాలామందికి ఎదుటివాళ్ల ముఖం చూస్తూ వినడం రెండు పనులు ఒకేసారి చేయడం లాంటిది. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే ఇంకా తేలికగా మాట్లాడతారు, నేను క్యాంటీన్ దాకా నడుస్తూ మాట్లాడతాను.

ఇంకో మాట. ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసే ముందు ఆ పిల్లనే అడగండి, ఎవరికి చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు అని. వాళ్లకి 18 దాటాయి, చెప్పుకునే హక్కూ దాచుకునే హక్కూ వాళ్లవే. ప్రాణానికి ముప్పు అనిపించే మాట ఏదైనా వస్తే మాత్రం దాచకూడదు, వెంటనే కౌన్సెలర్‌కీ ఇంటికీ చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్‌కి రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబర్ ప్రతి క్లాసు నోటీసు బోర్డు మీదా ఉండాలి.

3. క్లాసులో మార్చాల్సినవి

ఇక్కడ నేను అందరికీ ఒకేలా చేసేస్తాను, ఒక్కడి కోసం అని చెప్పను. ఒక్కడి కోసం చేస్తే వాడిని వేలెత్తి చూపించినట్టవుతుంది, అందరికీ చేస్తే అందరూ బాగుపడతారు.

బోర్డు ఎడమ వైపు మూల ఒక గడి గీసి అందులో ఆ రోజు చేసేవి నాలుగు ముక్కల్లో రాయండి, అయిపోయిన దానికి టిక్ పెట్టండి. ధ్యాస చెదిరి మళ్లీ వెనక్కొచ్చిన పిల్లకి మనం ఎక్కడున్నామో ఆ గడి చెబుతుంది. స్లైడ్స్‌గానీ నోట్స్ ఫోటోలుగానీ ముందురోజు సాయంత్రమే గ్రూపులో పెట్టండి. "అలా ఇస్తే క్లాసుకి రారు" అనే భయం నాకూ ఉండేది, హాజరు తగ్గలేదు, 75 శాతం రూల్ ఎలాగూ ఉంది.

చెప్పే మాట పూర్తిగా చెప్పండి. "నీట్‌గా రాసి తీసుకురండి" అంటే ఎవరికి ఏమని అర్థమవుతుంది? ఎన్ని పేజీలు, చేత్తోనా టైప్ చేసా, బొమ్మ ఉండాలా, ఏ తేదీ, ఎన్ని గంటల లోపు, ఎవరి టేబుల్ మీద పెట్టాలి, ఇవన్నీ రాసి ఇవ్వండి. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టుకునేంత సేపు ఆగండి. హఠాత్తుగా లేపి నిలబెట్టకండి. నేనైతే కొందరికి ముందే చెబుతాను, "రేపు ఈ రెండో ప్రశ్న నిన్ను అడుగుతాను" అని. సిద్ధమై వస్తారు, చెబుతారు, ఆ రోజు వాళ్ల ముఖం చూడాలి. అందరి ముందు పైకి చదవమని మాత్రం ఎప్పుడూ అనకండి.

సీటు సంగతి. ఒక అమ్మాయి రోజూ చివరి బెంచీలో కూర్చునేది, నోట్స్ రాసేది కాదు. అడిగితే, తన నెత్తి మీది ఫ్యాన్ తిరిగినప్పుడల్లా టకటకమంటుందని, ట్యూబ్‌లైట్ ఒకటి వణుకుతోందని, ఆ రెండూ తప్ప ఇంకేమీ వినిపించడం లేదని చెప్పింది. నేను వెళ్లి ఆ బెంచీలో కూర్చున్నాను. నిజంగానే ఫ్యాన్ చప్పుడు చేస్తోంది, నేను ఆ గదిలో రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఒక్కసారీ వినలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి అరగంటలో బాగు చేశాడు. ఆ లోపు సీటు మార్చి కిటికీ పక్కన కూర్చోబెట్టాం, అదే సీటు సెమిస్టర్ అంతా తనదే అని అందరికీ చెప్పాం. ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటాను మేడం అంటే పెట్టుకోనివ్వండి, చేతిలో రబ్బర్ బ్యాండో చిన్న బంతో నలుపుకుంటూ ఉంటే నలుపుకోనివ్వండి, అది నిర్లక్ష్యం కాదు, వినడానికి వాళ్లు చేసుకునే ఏర్పాటు.

ఒక్కోసారి అన్నీ మీదపడి పిల్లవాడు ఒక్కసారిగా ఏడ్చేయొచ్చు, చెవులు మూసుకోవచ్చు, రాయిలా బిగుసుకుపోయి మాట రాకుండా అయిపోవచ్చు. అప్పుడు చుట్టూ చేరి "ఏమైంది ఏమైంది" అనకండి, భుజం మీద చెయ్యి వేయకండి. మిగతావాళ్లని మెల్లగా బయటికి పంపండి, లైట్ ఒకటి ఆపండి, నీళ్ల సీసా పక్కన పెట్టి దూరంగా కూర్చోండి. ఆ గంటలో మాట్లాడించాల్సిన పని లేదు.

4. రికార్డులూ అసైన్‌మెంట్లూ

మన కాలేజీల్లో ల్యాబ్ రికార్డు అనేది చాలామంది పిల్లల్ని అకారణంగా ఏడిపిస్తోంది. నలభై పేజీలు చేత్తో దించడం డిస్‌గ్రాఫియా ఉన్నవాడికి నలభై గంటల పని, అందులో నేర్చుకునేది ఏమీ లేదు. అటానమస్ కాలేజీ అయితే డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో టైప్ చేసిన రికార్డు కూడా ఒప్పుకుందాం అని తీర్మానం పెట్టించండి. యూనివర్సిటీకి అఫిలియేట్ అయిన కాలేజీ అయినా ఇంటర్నల్ మార్కులు మన చేతిలోనే ఉంటాయి, అక్కడ వెసులుబాటు ఇవ్వొచ్చు.

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు "నెల తర్వాత సబ్‌మిషన్" అంటే ఆ నెల అనేదే కనబడదు, కనబడేది ఆఖరి రాత్రి ఒక్కటే. పనిని నాలుగు ముక్కలు చేయండి, ప్రతి శుక్రవారం ఒక ముక్క చూపించమనండి, ఒక్క పేరా రాసి తెచ్చినా సంతకం పెట్టండి. లైబ్రరీలో ఒక ఫ్రెండ్ పక్కన కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకునే ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది, పక్కన ఒక మనిషి ఉంటే చాలు పని కదులుతుంది, సాయం కూడా చేయక్కర్లేదు. చదవడం కష్టమైనవాళ్లకు వర్డ్‌లో పైకి చదివి వినిపించే సదుపాయం ఉందని, గూగుల్ డాక్స్‌లో మాట్లాడితే టైప్ అవుతుందని, అది తెలుగులోనూ పనిచేస్తుందని ఒకసారి చూపించండి, పది నిమిషాల పని. దానికోసం స్కాన్ చేసిన మసక జిరాక్స్ కాకుండా అక్షరాలు సెలెక్ట్ చేయగలిగే ఫైల్ ఇవ్వాలి.

5. పరీక్షలు, సర్టిఫికెట్, చట్టం

ఇది లెక్చరర్లందరికీ తెలిసి తీరాలి, ఎందుకంటే పిల్లలకి తెలియదు, ఎగ్జామ్ బ్రాంచ్‌లో "అలాంటివి మన దగ్గర లేవు" అనేస్తారు.

1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21 చేసింది, అందులో ఆటిజం ఉంది, డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్క్యులియా ఉన్న నేర్చుకోవడంలో వైకల్యాలు అనే విభాగం ఉంది. ఏడీహెచ్‌డీని విడిగా పేరు పెట్టి చేర్చలేదు, అది పెద్ద లోటు, కానీ ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో చాలామందికి చదవడం రాయడంలోనూ ఇబ్బంది ఉంటుంది కాబట్టి పరీక్ష చేయించుకోవడం దండగ కాదు. "మాది ప్రైవేట్ కాలేజీ" అన్నా కుదరదు, ఈ చట్టంలోని 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలకీ వర్తిస్తుంది, అవసరానికి తగ్గ వెసులుబాట్లు ఇవ్వాలని చెబుతుంది.

2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. స్క్రైబ్, అంటే తను చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి, కావాలంటే అడగొచ్చు. 40 శాతం లేనివాళ్ల సంగతి ఏమిటి? 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడంలో నిజంగా ఇబ్బంది ఉన్నవాడికి 40 శాతం లేదన్న సాకుతో స్క్రైబ్‌ని నిరాకరించకూడదని చెప్పింది. చేతి రాత కష్టమైన ఒక సివిల్స్ అభ్యర్థి వేసిన కేసు అది. ఆ తర్వాత 2022 ఆగస్టులో అలాంటివాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు వచ్చాయి, ప్రభుత్వ వైద్య బృందం ఇచ్చే ధ్రువపత్రం కావాలని వాటిలో ఉంది.

సర్టిఫికెట్ కోసం మన దగ్గర సదరం క్యాంపు అంటే అందరికీ తెలుసు, దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్‌లో అప్లై చేయాలి. హైదరాబాద్ వైపు ఉంటే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉన్నాయి, ఉత్తరాంధ్రవాళ్లకు విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మొదటిసారి వెళ్లేటప్పుడు స్కూల్ నాటి మార్కుల లిస్టులు, పాత నోట్‌బుక్స్ రెండు పట్టుకెళ్లమని చెప్పండి, చిన్నప్పటి నుంచీ ఉందని చూపించడానికి అవి పనికొస్తాయి. ఎవరైనా పిల్ల ఒంటరిగా వెళ్లడానికి భయపడితే ఒక ఫ్రెండ్‌ని తోడు ఇచ్చి ఆ రోజుకి అటెండెన్స్ ఇప్పించండి.

ఎగ్జామ్ బ్రాంచ్‌కి అర్జీ కనీసం నెల ముందు, కాగితం మీద, ఏం కావాలో ఒక్కొక్క లైన్‌లో: అదనపు సమయం, వేరే గది, స్క్రైబ్. ముద్ర వేయించిన కాపీ తీసుకోవాలి. నోటి మాటగా అడిగింది పరీక్ష రోజున ఎవరికీ గుర్తుండదు.

సర్టిఫికెట్ వద్దనే కుటుంబాలు కూడా ఉంటాయి, ముఖ్యంగా ఆడపిల్లల తల్లులు. "రేపు పెళ్లి సంబంధాలు వస్తే ఏం చెప్పాలి మేడం" అని ఒకావిడ నా ఎదురుగా కన్నీళ్లు పెట్టుకుంది. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడకండి, వాదించకండి. సర్టిఫికెట్ లేకుండా నేను ఏమేం చేయగలనో చెప్పాను: సీటు, నోట్స్, ముక్కలు చేసిన అసైన్‌మెంట్లు, వైవాలో ఒక్కో ప్రశ్న. అది లేకుండా ఏం రాదో కూడా చెప్పాను: యూనివర్సిటీ పరీక్షలో అదనపు టైమ్. నిర్ణయం వాళ్లకే వదిలేశాను. ఏడాది తర్వాత ఆ అమ్మాయి తనే వెళ్లి అప్లై చేసింది.

6. ప్రాజెక్ట్ బ్యాచ్‌లు, హాస్టల్

బ్యాచ్‌లు పిల్లల్నే వేసుకోమంటే ఈ పిల్లలు చివరికి మిగిలిపోతారు. మీరే వేయండి, ఎవరి పని ఏమిటో రాసి సంతకాలు తీసుకోండి. ప్రెజెంటేషన్‌లో అందరూ సమానంగా మాట్లాడాలనే రూల్ తీసేసి, మాట్లాడలేనివాళ్లని డెమో నడపనివ్వండి.

హాస్టల్లో వాళ్ల నడకనీ మాటనీ అనుకరించి వీడియోలు తీయడం సరదా కాదు, ర్యాగింగ్. 1997 నుంచి మనకి దీనికి చట్టం ఉంది, యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. వార్డెన్‌తో మీరే స్వయంగా మాట్లాడండి.

7. ప్లేస్‌మెంట్ సిద్ధం చేయడం, సెకండ్ ఇయర్ నుంచే

ఫైనల్ ఇయర్‌లో పది రోజుల సీఆర్‌టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) పెడితే ఈ పిల్లలకు సరిపోదు, వాళ్లకి అలవాటు పడటానికి టైమ్ కావాలి.

ముందు, ఆటిజం అంటే కోడింగ్‌లో మేధావి అనే అభిప్రాయం వదిలేయండి. కొందరికి కోడింగ్ ఇష్టం, కొందరికి అసలు పడదు. ఏ పనిలో టైమ్ మర్చిపోతున్నాడో చూడండి. నా స్టూడెంట్ ఒకడికి ఆర్టీసీ బస్సులంటే ప్రాణం, ఏ డిపో బస్సు ఎన్నింటికి ఎక్కడ ఆగుతుందో నోటికి వచ్చు. వాడి డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్ట్) మినీ ప్రాజెక్ట్ బస్సుల టైమింగ్స్ మీద పెట్టించాను, టేబుల్స్ డిజైన్ క్లాసులో అందరికన్నా బాగా చేశాడు, తర్వాత రెజ్యూమెలో మొదటి లైన్ అదే అయింది. "హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్" అని అందరూ దించే ముక్కలకన్నా చేసి చూపించిన ఒక్క పని ఎక్కువ మాట్లాడుతుంది.

గ్రూప్ డిస్కషన్‌లో అసలు కష్టం ఎప్పుడు నోరు తెరవాలో తెలియకపోవడం. మనకి సహజంగా వచ్చేసింది కాబట్టి ఎవరూ చెప్పరు. రూల్‌లా చెప్పండి: మొదటి రెండు నిమిషాల్లో ఒకసారి, ఆఖర్లో ఒకసారి మాట్లాడితే చాలు. ఎవరైనా ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు "దీనికి ఒకటి కలుపుతాను" అనే వాక్యంతో మొదలుపెట్టు. ఆ వాక్యం ఇంగ్లీష్‌లో కంఠతా పట్టించండి, నలుగురితో మొదలుపెట్టి ఎనిమిది మంది దాకా తీసుకెళ్లండి.

ఇంటర్వ్యూ ప్రశ్నలకి పైకి కనబడే అర్థం ఒకటి, అడిగేవాళ్ల ఉద్దేశం ఒకటి. మాక్ ఇంటర్వ్యూలో "ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటావు" అని అడిగితే ఒకబ్బాయి "అమీర్‌పేటలో మా మావయ్య ఇంట్లో ఉంటాను మేడం, అప్పటికి మాకు సొంత ఇల్లు రాదు" అన్నాడు. అడిగిన ప్రశ్నకి అది నిజాయితీగా ఇచ్చిన సరైన జవాబు. అప్పుడు ఇద్దరం కూర్చుని ఒక నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీశాం, ఒక వైపు ప్రశ్న, రెండో వైపు దాని వెనకున్నది. "నీ గురించి చెప్పు" అంటే ఊరూ అమ్మానాన్నల పేర్లూ కాదు, ఈ ఉద్యోగానికి పనికొచ్చే మూడు సంగతులు. "నీ బలహీనత ఏంటి" అంటే ఒక ఇబ్బంది, దానికి నువ్వు చేసుకున్న ఏర్పాటు. "ఏమైనా అడగాలా" అంటే అడగాలి, రెండు ప్రశ్నలు ముందే రాసుకో. అలా ముప్పై దాకా రాశాం. ఆ నోట్‌బుక్ జిరాక్స్ ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ ఇస్తున్నాను, మిగతా పిల్లలు కూడా అడిగి తీసుకుంటున్నారు.

రిహార్సల్ అసలు గదిలోనే చేయించండి. ప్లేస్‌మెంట్ డ్రైవ్ జరిగే సెమినార్ హాల్లో ముందురోజు అరగంట కూర్చోబెట్టండి, ఏ తలుపు నుంచి లోపలికి, ఎక్కడ వెయిటింగ్, వాష్‌రూమ్ ఎటు, అన్నీ చూపించండి. నవ్వుతూ అడిగేవాళ్లు, ల్యాప్‌టాప్ నుంచి తలెత్తనివాళ్లు, మధ్యలో అడ్డుపడేవాళ్లు, ఇలా మూడు రకాలుగా మాక్ పెట్టండి. రెండు వాక్యాలు నాలుక చివర ఉండాలి: "ఒక నిమిషం ఆలోచించి చెబుతాను సార్", "మీరు రెండు ప్రశ్నలు అడిగారు, మొదటిది ముందు చెబుతాను." ఆ రెండో వాక్యమే ఆ రోజు ల్యాబ్‌లో మా వాడి దగ్గర లేనిది.

ఇంకా చిన్న సంగతి అనిపిస్తుంది గానీ, కొత్త ఫార్మల్ షర్టు కాలర్ వెనక లేబుల్ గుచ్చుకుంటుంటే కొందరికి ఇంకేమీ తోచదు. లేబుల్ కత్తిరించి, నాలుగుసార్లు ఉతికి, రెండుసార్లు క్లాసుకి వేసుకొచ్చాకే ఇంటర్వ్యూకి వేసుకోమనండి. టై తప్పనిసరి అని మీ ప్లేస్‌మెంట్ సెల్ రూల్ ఉంటే మినహాయింపు అడగండి.

8. కంపెనీకి చెప్పాలా వద్దా

ఇది పిల్లవాడి నిర్ణయం, మనది కాదు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌దీ కాదు. మన పని వివరాలు ముందు పెట్టడం. 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రైవేట్ సంస్థ సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, దీని వ్యవహారాలు చూసే లైజన్ ఆఫీసర్‌ని కూడా పెట్టాలి. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో అది ఉందో లేదో ముందురోజు ఇద్దరూ కలిసి చూడండి. శాప్ లాంటి సాఫ్ట్‌వేర్ సంస్థ 2013లోనే ఆటిజం ఉన్నవాళ్లని విడిగా ఎంపిక చేసుకుని ఉద్యోగాలిచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది, అలాంటి చోట చెబితే మేలే. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకున్న 4 శాతంలో 1 శాతం ఆటిజం, నేర్చుకోవడంలో వైకల్యం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, ఒకటికన్నా ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్లందరికీ కలిపి ఉంది, దానికి 40 శాతం సర్టిఫికెట్ ఉండాలి.

చెప్పాలనుకుంటే జబ్బు పేరుతో మొదలుపెట్టక్కర్లేదు, అవసరంతో మొదలుపెట్టాలి. "నాకు ప్రశ్నలు రాసి చూపిస్తే బాగా జవాబు చెప్పగలను. వినేటప్పుడు కిందికి చూస్తాను, వింటూనే ఉంటాను. రాత పరీక్షకు అదనపు సమయం కావాలి, సర్టిఫికెట్ జతచేశాను." ఈ మూడు వాక్యాల మెయిల్ ప్లేస్‌మెంట్ సెల్ నుంచి వెళ్తే ఇంకా బరువు ఉంటుంది. చెప్పొద్దనుకుంటే ఆ మాట మన నోటి నుంచి పొరపాటున కూడా రాకూడదు, "పాపం, కాస్త చూడండి సార్" అని హెచ్‌ఆర్ చెవిలో వేయడం మంచితనం కాదు.

9. చేరాక వదిలేయకండి

ఆఫర్ లెటర్ ఫోటో స్టేటస్‌లో పెట్టుకుని మన పని అయిపోయిందనుకుంటాం. కష్టం అక్కడే మొదలవుతుంది: కొత్త ఊరు, పీజీ హాస్టల్ గదిలో నలుగురు, మెట్రోలో ఒత్తిడి, "అర్జెంటుగా చూడు" అనే మేనేజర్. చేరేముందు ఒక కాగితం రాయించండి, డౌట్ వస్తే మొదట ఎవరిని అడగాలి, ఎన్నిసార్లు అడగొచ్చు, లంచ్ ఎవరితో, ఒంటరిగా తినాలనిపిస్తే ఎక్కడ, సెలవు ఎలా పెట్టాలి, నోటితో చెప్పిన పనిని "మీరు చెప్పింది ఇదే కదా" అని వెంటనే మెయిల్‌లో ఎలా రాసి పెట్టుకోవాలి. వీలైతే ఆ కంపెనీలోనే ఉన్న మన సీనియర్ ఒకరిని, అన్నో అక్కో, మొదటి మూడు నెలలు తోడుగా ఉండమని అడగండి.

ఫోన్ చేయొద్దు, మెసేజ్ పెట్టండి, వారానికి ఒకటి, తర్వాత నెలకి ఒకటి. ఆ ల్యాబ్ కుర్రాడు ఇప్పుడు హైదరాబాద్‌లో టెస్టింగ్ పని చేస్తున్నాడు. నెలకోసారి ఆదివారం పొద్దున మెసేజ్ వస్తుంది, అడగాల్సినవి 1, 2, 3 అని నంబర్లు వేసి. పోయిన నెల రెండో నంబర్, టీమ్‌లో ఒకరి పెళ్లికి పిలిచారు, ఎంతసేపు ఉంటే చాలు మేడం అని. భోజనం చేసి, ఫోటో దిగి, గంటలో వచ్చేయొచ్చు అని రెండో నంబర్ కిందే రాశాను.